మొదటి అక్కరకు దిగు సౌకర్యములు



ఈ నెల విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు గాక, మీ చేతిలోని ఫోనును గూర్చియు, సంఘ కార్యాలయములోని కంప్యూటరును గూర్చియు కొన్ని మాటలు వ్రాయదలచితిమి. ఇది సేద్యమునకు సంబంధింపని విషయమని త్రోసివేయవలదు. పీఎం కిసాన్ పథకము క్రింద రైతునకు ఏటికి 6,000 రూపాయలు, రెండేసి వేల చొప్పున మూడు వాయిదాలలో వచ్చును. అందులకు ఈ-కేవైసీ యను గుర్తింపు పూర్తియై యుండవలెను. 2025–26 పత్తి కాలమున భారత పత్తి సంస్థ మద్దతు ధర కొనుగోళ్లకై ‘కపాస్ కిసాన్’ అను యాప్‌ను ప్రవేశపెట్టి, అందు పేరు నమోదు చేసికొని, పత్తి తెచ్చు దినమును ముందుగా కుదుర్చుకొనవలెనని ఏర్పాటు చేసెను. కావున నేడు ఫోను పనిచేయని దినము రైతునకు కూలి పోయిన దినమే గాక, ఒక్కొక్కప్పుడు ధర పోయిన దినము కూడ కావచ్చును.

నడిగడ్డలో ఒక రైతు చేనిగట్టుపై నిలిచి పీఎం కిసాన్ యాప్‌ను తెరచెననుకొందము. యాప్ చక్కగా తెరచుకొనును. వివరములను తీసికొనును. కాని ముఖమును చూపి గుర్తింపును ముగింపబోవు సమయమున ఇంకొక యాప్ కావలెనని చెప్పి, దానిని దింపుకొమ్మనును. చేనివద్ద సిగ్నలు ఒక గీతయే యున్నది. తెరమీద చక్రము తిరుగుచునే యుండును. ఫోను చెడిపోయినదని ఒకడు తలచును. తన పేరును జాబితానుండి తీసివేసిరేమోయని మరియొకడు భయపడును. ఈ రెండును కారణములు కావు. కోరిన సౌకర్యము ఆ ఫోనులో తొలినుండియు లేదు. మొదటిమారు అక్కర పడినప్పుడే దిగునట్లు దానిని ఏర్పఱచిరి. ఈ ఏర్పాటు ఎట్టిదో, ఏల వచ్చినదో, దానివలన మనకు నష్టము రాకుండ ఏమి చేసికొనవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

ఏర్పాటు ఎట్టిది

కంప్యూటరుగాని ఫోనుగాని చేయు ప్రతి పనికిని వెనుక కొన్ని ఆజ్ఞల సముదాయము ఉండును. దానినే సాఫ్టువేరు అందురు. ఒక్కొక్క సాఫ్టువేరులో వందలకొలది సౌకర్యములుండును. అందఱికి అన్నియు అక్కరలేదు. సేద్యగాని యింట నాగలి, గుంటక ఎల్లప్పుడును ఉండును గాని, ఏటికి రెండు దినములు మాత్రమే పనిపడు పనిముట్టును కొనక, ఆ దినమునకు పొరుగువానివద్ద తెచ్చుకొనుట కలదు. సాఫ్టువేరు తయారుచేయువారును ఇట్లే చేయుచున్నారు. అందఱికి నిత్యము కావలసిన భాగమును ముందుగా స్థాపింతురు. తక్కిన భాగములకు పేరు మాత్రము పట్టికలో ఉంచి, వస్తువును తమ గిడ్డంగిలోనే ఉంతురు.

వాడువాడు ఆ పేరును మొదటిమారు నొక్కినప్పుడు నాలుగు పనులు వరుసగా జరుగును. ఒకటి, ఆ భాగము తనలో ఉన్నదా లేదా యని యంత్రము చూచుకొనును. రెండు, లేనిచో ఇంటర్‌నెట్టు ద్వారా తయారీదారు గిడ్డంగికి పోయి దానిని తెచ్చును. మూడు, తెచ్చినది అసలైన తయారీదారు ముద్ర గలదేనా యని పరీక్షించును. నాలుగు, దానిని తగినచోట అమర్చి తెరచును. రెండవ మారునుండి ఈ ప్రయాణము ఉండదు. భాగము మన యంత్రములోనే యుండును గాన, వెంటనే తెరచుకొనును.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. వనపర్తి జిల్లాలో మదనాపురము మండలమున సరళాసాగరము కలదు. వనపర్తి సంస్థానాధీశుల కాలమున 1949లో పునాది పడి, 1959లో పూర్తియైన ఆ జలాశయమునకు తానై పనిచేయు సైఫన్లు ఉన్నవి. తలుపులెత్తు మనిషి అక్కరలేకయే, నీరు నిండు మట్టమునకు రాగానే అవి తమంతట పనికి పూని అధికజలమును వదలును. మట్టము తగ్గగానే గాలి చొరబడి నిలిచిపోవును. (2019 డిసెంబరు 31న గండి పడిన మాట మనవారు మఱవలేదు. అది మట్టికట్టకు పడిన గండి. సైఫన్ల పద్ధతిని మాత్రమే ఇచట ఉదాహరణముగా గ్రహింపుడు.) ఆ సైఫను అక్కర వచ్చువఱకు పనిచేయదు గాని, కట్టలో అమర్చియే యున్నది. మనము చెప్పుకొను సౌకర్యము అట్టిది కాదు. నీరు నిండినప్పుడు సైఫనును దూరపు పట్టణమునుండి బండిమీద తెచ్చి కట్టలో అమర్చునట్టిది. బాట బాగున్నచో క్షణములో వచ్చును. బాట తెగినచో రాదు. అందుచేత దాని గుణము మన ఫోనుమీద కంటె, ఫోనునకు గిడ్డంగికి నడుమనున్న బాటమీద ఎక్కువగా ఆధారపడియున్నది.

ఈ పద్ధతి పుట్టుక

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1999లో వచ్చిన మైక్రోసాఫ్టు ఆఫీస్ 2000 లోనే కొన్ని భాగములను మొదటి వాడుకకు స్థాపించు పద్ధతి యుండెను. ఆ కాలమున గిడ్డంగి ఇంటర్‌నెట్టు కాదు, సీడీ. వ్రాతగాడు ఎన్నడును వాడని సౌకర్యమును నొక్కినప్పుడు కంప్యూటరు సీడీని పెట్టుమనెడిది. సీడీ ఊరిలోని దుకాణదారునివద్ద ఉండిపోయినచో పని ఆగెడిది.

2012లో వచ్చిన విండోస్ 8 నుండి ‘డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5’ అను భాగమును కంప్యూటరులో ముందుగా పెట్టుట మానిరి. పాత లెక్కల ప్రోగ్రాములు పెక్కింటికి ఆ భాగము ఆధారము. అట్టి ప్రోగ్రామును కొత్త కంప్యూటరులో మొదటిమారు తెరువగానే ఆ భాగమును దింపుకొనుటకు అనుమతి అడుగును.

మన తెలుగునకు సంబంధించిన ఉదాహరణము మరియొకటి కలదు. విండోస్‌లో గౌతమి, వాణి యను తెలుగు అక్షరరూపములు చాలకాలము అందఱి కంప్యూటరులలోను ఉండెడివి. 2015లో వచ్చిన విండోస్ 10 నుండి ఆ రెంటిని ఐచ్ఛిక భాగముగా మార్చిరి. భాషల పట్టికలో తెలుగును చేర్చిన కంప్యూటరునకే అవి దిగును. చేర్చనిచో ‘నిర్మల’ యను మరియొక అక్షరరూపము వాని స్థానమున నిలుచును. అక్షరములు కనబడును గాని, వాని వెడల్పు మారును. గౌతమిలో ఒక పుటకు సరిపడునట్లు కూర్చిన నోటీసు రెండవ పుటకు జారును, పట్టికలు వంకరపోవును. తెలుగు చెడిపోయినదని తలచి మరల మొదటినుండి కూర్చుట వ్యర్థప్రయాస. భాషల పట్టికలో తెలుగును చేర్చి, భాగమును దిగనిచ్చిన చాలును.

ఫోనులలో ఈ పద్ధతి 2018 నుండి విరివియైనది. గూగుల్ సంస్థ ‘యాప్ బండిల్’ అను కూర్పును ఆ యేడు ప్రవేశపెట్టి, 2021 ఆగస్టునుండి ప్లే స్టోరులో కొత్తగా చేరు యాప్‌లకు దానిని తప్పనిసరి చేసెను. ఈ కూర్పున యాప్ అంతయు ఒకే మూటగా రాదు. ఏ ఫోనునకు ఏది కావలెనో అదియే వచ్చును. భాషలును ఇట్లే విడదీయబడును. ఫోను ఇంగ్లీషులో నున్నచో ఇంగ్లీషు భాగమే తొలుత రావచ్చును. ఫోను సెట్టింగులలో తెలుగును చేర్చిన తరువాత తెలుగు భాగము దిగును. యాప్‌లో తెలుగు లేదని విడిచిపెట్టువారు ముందుగా ఈ సంగతిని పరీక్షింపవలెను.

ఇక పైన చెప్పిన పీఎం కిసాన్ సంగతి. ముఖమును చూపి ఈ-కేవైసీ చేసికొను వీలు 2023లో వచ్చినది. ముఖమును పోల్చు పనిని ఆ యాప్ తాను చేయదు. ‘ఆధార్ ఫేస్ ఆర్‌డీ’ అను వేఱొక యాప్ చేయును. కనుక రెండును ఫోనులో ఉన్నగాని పని జరుగదు. ఇది ఒకే యాప్‌లోని భాగము కాకపోయినను, అక్కర పడినప్పుడే తెలియు జత కావున ఈ కోవలోనిదే.

ఇట్లు చేయుటకు కారణము

తయారీదారులు మనలను చిక్కుపెట్టుటకు ఇది చేయలేదు. ఇందు మనకును లాభమున్నది. మొదటిది జాగా. ఎన్నడును వాడని భాగములతో ఫోను నిండిపోయినచో చేను ఫోటోలకును, పట్టాదారు పుస్తకపు నకలునకును చోటుండదు. రెండవది ఖర్చు. వాడని దానిని దింపుటకు మన డేటా పోదు. మూడవది భద్రత. యంత్రములో లేని భాగములోని లోపము ద్వారా దొంగ చొరబడలేడు. ఇంటికి తలుపులెన్ని తక్కువయో కావలి అంత సులభము. నాలుగవది, ఆలస్యముగా దిగిన భాగము సాధారణముగా కొత్త కూర్పుగనే దిగును.

ఈ లాభములు నిజమే. కాని వీనిని లెక్కించినవారు బాట ఎల్లప్పుడును ఉండునని తలచి లెక్కించిరి. హైదరాబాదులో కూర్చున్నవానికి ఆ తలంపు సరిపోవును. నల్లమల నంటిన అమ్రాబాదు పల్లెలకును, కృష్ణ ఒడ్డున లోపలికి నున్న ఊళ్లకును అది అన్నివేళల సరిపోదు. పైగా రైతు పనులకు గడువులుండును. మొదటి అక్కర సాధారణముగా చివరి దినముననే పడును. అందఱును ఒకే దినమున అడుగుటచే బాటయు ఆనాడే ఇఱుకగును. పద్ధతిలోని మేలు పట్టణమునకును, చిక్కు పల్లెకును దక్కుట ఇందువలననే.

రైతులు చేయవలసినవి

ఈ చిక్కునకు మందు ఒక్కటే. మొదటి అక్కర తానుగా వచ్చువఱకు వేచియుండక, మనమే దానిని ముందుగా కల్పించుకొనవలెను. యంత్రమునకు నిజమైన అక్కరయో, పరీక్షకై కల్పించిన అక్కరయో తెలియదు. అడిగిన తక్షణమే దింపును. కావున ఈ క్రింది క్రమమును పాటింపుడు.

1. గడువునకు కనీసము రెండు వారముల ముందు, సిగ్నలు బాగుగా నున్నచోట, అనగా మండల కేంద్రమునగాని సంఘ కార్యాలయమునగాని, మీకు కావలసిన యాప్‌ను తెరువుడు. మొదటి పుటతో ఆగక, పని జరుగు చివరి మెట్టు వఱకు పొండు. కెమెరా, మైకు, స్థలము తెలుపు సౌకర్యము అడిగినచో ఆ యాప్‌కు అవి ఏల కావలెనో తెలిసికొని అనుమతింపుడు.

2. ఫోను భాషలలో తెలుగును చేర్చుడు. పిమ్మట ఆయా యాప్‌లను ఒకమారు తెరచి తెలుగు వచ్చినదో లేదో చూడుడు.

3. అనువాదపు యాప్ వాడువారు తెలుగు భాగమును దింపి ఉంచుకొనుడు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2018 నుండి తెలుగును ఇంటర్‌నెట్టు లేకయే వాడు వీలు కలదు. పురుగుమందు డబ్బాపై ఇంగ్లీషులో నున్న హెచ్చరికను చేనివద్దనే చదువుకొనుటకు ఇది పనికివచ్చును. కాని యంత్రపు అనువాదము తప్పవచ్చును. మందు మోతాదును మాత్రము వ్యవసాయ విస్తరణాధికారిని అడిగియే నిశ్చయించుకొనుడు.

4. దిగినదో లేదో తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడ ఆపి, ఆ సౌకర్యమును మరల తెరువుడు. తెరచుకొన్నచో భాగము మీ ఫోనులో నున్నట్లే. అయితే పేరు నమోదు, గుర్తింపు వంటి పనులకు ప్రతిమారును ప్రభుత్వపు కంప్యూటరుతో మాటలాడవలసియుండును గాన, వానికి సిగ్నలు ఎల్లప్పుడును కావలెను. ముందుగా దింపుకొనుటవలన దిగుటకు పట్టు కాలమును, భారమును తప్పును. అవి చిన్న సిగ్నలుతోనే ముగియుటకు అవకాశము కలుగును.

5. ఒకమారు దిగినది ఎల్లకాలము ఉండునని నమ్మవలదు. 2023 నుండి ప్లే స్టోరులో, జాగా చాలనప్పుడు చాలకాలము వాడని యాప్‌లను సంచికట్టి తీసివేయు సౌకర్యము వచ్చినది. గుర్తు మాత్రము తెరమీద మిగులును, మీ వివరములును నిలుచును, భాగము మరల దిగవలెను. పత్తి అమ్ముటకు ఏటికొకమారు తెరచు యాప్ ఇట్లు మాయమగుట సహజము. ప్లే స్టోరు సెట్టింగులలో ఈ సౌకర్యమును ఆపవచ్చును. ఆపకున్నచో, పంట చేతికి వచ్చుటకు ముందు ఒకమారు తెరచి చూచుకొనుడు.

6. ఒక ఫోనునుండి మరియొక ఫోనునకు యాప్‌ను నకలు తీసి ఇచ్చుట మన పల్లెలలో అలవాటు. మూటలుగా విడిపోయిన యాప్‌లో ప్రధాన భాగము మాత్రమే నకలునకు వచ్చి, తక్కినవి రాకపోవచ్చును. అట్టి నకలు తెరచుకొనదు, లేక నడుమ ఆగిపోవును. ప్లే స్టోరునుండియే దింపుకొనుడు.

సంఘములు చేయవలసినవి

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. ఖాతా పుస్తకములు కంప్యూటరులోనికి వచ్చుకొలది, కంప్యూటరు ఆగిన దినమున అప్పుల పంపకమును, బాకీల వసూలును ఆగును. కావున కార్యదర్శులకు మూడు మనవులు.

కొత్త కంప్యూటరు వచ్చిన వారములోనే, సంఘమున వాడు ప్రతి ప్రోగ్రామును తెరచి, రసీదు అచ్చువేయుట, తెలుగు నోటీసు అచ్చువేయుట, సంవత్సరాంతపు లెక్క తీయుట మొదలగు పనులను ఒకమారు చేసి చూడవలెను. సంవత్సరాంతపు లెక్క మార్చి నెలలోనే గదా యని ఊరకుండుట తగదు. మొదటి అక్కర మార్చి 31న పడరాదు.

రెండవది అనుమతి. కొత్త భాగమును స్థాపించుటకు కంప్యూటరు నిర్వాహకుని సంకేతపదము కావలసివచ్చును. అది ఒక్కనివద్దనే యుండి, అతడు సెలవులో నున్నచో, ఇంటర్‌నెట్టు ఎంత బాగున్నను పని జరుగదు. ఆ సంకేతపదము ఎవరివద్ద నున్నదో, ఆయన లేనప్పుడు ఎవరిని పిలువవలెనో కార్యాలయమున వ్రాసియుంచుడు. సంకేతపదమును మాత్రము గోడమీద వ్రాయవలదు.

మూడవది, ఆ కంప్యూటరులోని విండోస్ ఏ కూర్పుదో ఆ కూర్పు స్థాపన డిస్కునుగాని, దాని నకలు గల పెన్‌డ్రైవునుగాని బీరువాలో భద్రపఱచుడు. పైన చెప్పిన డాట్ నెట్ 3.5 వంటి భాగమును విండోస్ 8, 10 కంప్యూటరులలో ఇంటర్‌నెట్టు లేకయే ఆ డిస్కునుండి స్థాపింపవచ్చును. కూర్పు వేఱైనచో అది పనికిరాదు గాన, డిస్కుపై కూర్పు పేరును వ్రాసి పెట్టుడు.

వీలున్న సంఘములు పంట కాలమునకు ముందు ఒక దినమును నియమించి, సభ్యులను తమ ఫోనులతో రప్పించి, కార్యాలయపు వైఫైతో కావలసినవన్నియు దింపి పంపుట మేలు. విత్తనములకు మొలక పరీక్ష చేయు దినమువలె, ఇదియు ఫోనులకు ఒక మొలక పరీక్ష దినము. ఒక్కొక్కనికి అరగంట పట్టును. తరువాత వంద మంది కోలుకొను కాలము అంతకంటె చాల ఎక్కువ.

మోసమును గూర్చి హెచ్చరిక

యంత్రము “ఇంకొకటి దింపుకొనుము” అని అడుగుట మనకు అలవాటైనకొలది, దొంగలకును అదే మాట ఆయుధమగును. పీఎం కిసాన్ పేరు పెట్టి వాట్సాప్‌లో నకిలీ ఏపీకే దస్త్రములను పంపి, తెరచినవారి బ్యాంకు ఖాతాలను దోచుట జరుగుచున్నది. అసలును నకిలీని విడదీయుటకు ఒక సూత్రమును గుర్తుంచుకొనుడు. మీరు మీ పనిని చేసికొనుచుండగా, మీరు తెరచిన యాప్ అడిగి, ప్లే స్టోరుకు తీసికొనిపోవునది సాధారణముగా అసలైనది. మీరేమియు అడుగకున్నను తానై వచ్చి, సందేశములోని లంకెను నొక్కుమని తొందరపెట్టునది నకిలీ యని తలచి విడువుడు. సందేహము కలిగినచో సంఘ కార్యాలయమున చూపుడు. ధనము పోయినచో సిగ్గుపడక తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపినచో సొమ్మును ఆపు అవకాశము అంత ఎక్కువ.

సోదరులారా, అక్కరకు దిగు సౌకర్యము చెడ్డది కాదు. జాగాను, డేటాను మిగిల్చును. కాని అక్కర ఎప్పుడు పడవలెనో నిర్ణయించువారు మీరై యుండవలెను గాని, గడువు కారాదు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లు చేయక, ఈ వారముననే ఒకనాడు తీరికగా కూర్చుండి, రాబోవు కొనుగోళ్లకును వాయిదాలకును కావలసిన యాప్‌లను చివరి మెట్టు వఱకు తెరచి చూడుడు. మీ ఇంట ఫోను చక్కగా నేర్చిన కుమార్తెగాని, కుమారుడుగాని ఉన్నచో తోడు పిలుచుకొనుడు. పొరుగువానికి తెలియనిచో అతనికిని చూపుడు. ఒకరికొకరు అక్కరకు వచ్చుటకే గదా సంఘము!